ఆ తూటా ఎవరిదంటే

ఏడేళ్ళుగా నేను ఒక తూటాని మోస్తున్నాను. చిటికెన వేలి గోరంత ఉంటుంది. అది నా ఒంట్లో లేదు. నా భార్య పాదంలోకి ముక్కలుగా దిగింది, డాక్టర్లు తీశారు, ఏ చెత్తబుట్టలోకో పోయి ఉంటుంది. అయినా మోస్తున్నది నేనే. ఆ సంగతి ఈ భూమ్మీద నాకు తప్ప ఇంకెవరికీ తెలీదు. ఇప్పుడు మీకు చెబుతున్నాను.

మీరెవరో నాకు తెలీదు. అదే నయం. తెలిసినవాళ్ళ ముందు కూర్చుని ఈ మాట ఎత్తాలని చాలాసార్లు చూశాను. ప్రతిసారీ నోటిదాకా వచ్చి, కాఫీ తాగుతావా అన్న మాటగా మారిపోయి బయటికొచ్చింది. వచ్చే సోమవారం పొద్దున పది గంటలకు ఒక ఆఫీసరు నాకు ఫోన్ చేస్తాడు. ఆయన అడగబోయే ప్రశ్నకి నా దగ్గర నిజమైన జవాబు ఒకటే ఉంది. అది ఆయన చెవిన పడేలోపు నా భార్యకి తెలియాలి, నా స్నేహితుడికి తెలియాలి. వాళ్ళకి చెప్పేలోపు ఎక్కడో ఒకచోట వరసగా రాసుకోవాలి. లేకపోతే మధ్యలో తప్పించుకుంటాను, నా సంగతి నాకు తెలుసు. ఇవాళ గురువారం. ఈసారి వెనక్కి తగ్గేది లేదు.

మాది ఆక్లాండ్‌కి పడమటి వైపు, హెండర్సన్ దాటాక ఇంకో నలభై నిమిషాలు డ్రైవ్ చేస్తే వచ్చే మూడెకరాల స్థలం. స్టూడెంట్‌గా వచ్చి, పెట్రోల్ బంకుల్లో, కూరగాయల ప్యాకింగ్ షెడ్లలో పనిచేసి, తర్వాత ఒక కంపెనీలో కుదురుకుని, నేనూ పద్మజా లోన్ మీద కొన్నాం. పద్మజ నా భార్య. అప్పట్లో వృద్ధాశ్రమంలో నర్సుగా చేసేది. ఎనిమిది గంటలు నిలబడి పనిచేసి వచ్చి, మళ్ళీ సాయంత్రం గంటసేపు తోటలో తిరిగేది. నిమ్మ, రేగు, పెర్సిమన్, గ్లాస్‌హౌస్‌లో గోంగూర, కుండీలో కరివేపాకు. ఆ కరివేపాకు మొక్కని చంటిపిల్లని చూసుకున్నట్టు చూసుకునేది.

రెండో ఏడాది ఒక పొద్దున నిమ్మచెట్టు చూసి ఇద్దరం నోరు వెళ్ళబెట్టాం. కాయలన్నీ కొమ్మలకే ఉన్నాయి. తొక్క మాత్రం ఒక్కదానికీ లేదు. ఎవరో కూర్చుని చాకుతో చెక్కినట్టు తెల్లగా వేలాడుతున్నాయి. అది పోసమ్ పని అని పక్క పొలం గ్రేమ్ చెప్పాడు. పోసమ్ అంటే పిల్లికన్నా కాస్త పెద్దగా, గుబురు తోకతో, గుండ్రటి కళ్ళతో ఉండే జంతువు. చూస్తే ముద్దొస్తుంది. కానీ ఈ దేశంలో దాన్ని ముద్దు చేసేవాడు ఒక్కడూ లేడు. ఎప్పుడో బొచ్చు కోసం పక్క దేశం నుంచి తెచ్చి వదిలితే, చెట్ల చిగుళ్ళూ పక్షుల గుడ్లూ తింటూ దేశమంతా నిండిపోయింది. దాన్ని చంపడం ఇక్కడ పాపం కాదు, పొలం ఉన్నవాడు చెయ్యాల్సిన పని. బోను పెట్టాను. ఒకటి పడితే రెండు వచ్చాయి. కరివేపాకు మొక్కని మొదలంటా కొరికేసిన రోజు పద్మజ ఏడ్చింది. ఆ రోజే తుపాకీ కొందామని నిశ్చయించుకున్నాను.

ఇక్కడ ఒక మాట. మీకు నేను తుపాకుల గురించి చెబుతున్నానని విసుక్కోకండి. నా తప్పు మొదలైంది ఆ ఎంపికలోనే.

ఎయిర్ గన్‌తో సరిపెట్టుకుందామా అనుకున్నాను మొదట. దాని దెబ్బకి పోసమ్ చావదు, గాయంతో పొదల్లోకి పోయి రెండు రోజులు బాధపడి చస్తుంది, అది నావల్ల కాదు. షాట్‌గన్ అయితే చప్పుడికి గ్రేమ్ గుర్రాలు కంచె దూకుతాయి. మిగిలింది చిన్న రైఫిల్, పాయింట్ టూ టూ అంటారు. అందులో రెండు రకాలు. ఒకటి బోల్ట్ యాక్షన్. పేల్చిన ప్రతిసారీ పక్కనున్న పిడిని చేత్తో వెనక్కి లాగి, ముందుకి తోసి, ఇంకో తూటా ఎక్కించుకోవాలి. రెండోది దానంతట అదే ఎక్కించుకుంటుంది, ట్రిగ్గర్ నొక్కడమే మన పని.

గ్రేమ్‌కి డెబ్భై దాటాయి. పుట్టినప్పటి నుంచి పొలంలోనే ఉన్నాడు. బోల్ట్ యాక్షన్ తీసుకో, కొత్తవాళ్ళకి అదే మంచిది, తొందర పడనివ్వదు అన్నాడు. దుకాణంలో అమ్మే అతనూ అదే అన్నాడు. నా స్నేహితుడు వేణూ అదే అన్నాడు. ముగ్గురూ ఒకే మాట చెప్పాక కూడా నేను రెండోదే కొన్నాను. ఎందుకు? నా గురి బాగుండదు కాబట్టి. మొదటి దెబ్బ తప్పితే పిడి లాగి మళ్ళీ గురి చూసే లోపల వేణు పక్కన నిలబడి నవ్వుతాడు కాబట్టి. టపటపా నాలుగు పేల్చేస్తే ఒకటైనా తగులుతుంది, నా పరువు దక్కుతుంది. అంతే కారణం. ఇంకేం లేదు.

వేణు ఎవరో చెప్పాలి. మౌంట్ ఆల్బర్ట్‌లో రెండు గదుల ఫ్లాట్‌లో ఆరుగురం ఉండేవాళ్ళం చదువుకునే రోజుల్లో. అందులో ఒకడు వేణు. వాడిది వరంగల్, నాది కాకినాడ. ఒకే రైస్ కుక్కర్, ఒకే చలికోటు. ఇంటర్వ్యూ ఎవరికుంటే కోటు వాళ్ళది. నాకు జ్వరం వస్తే నా షిఫ్టు కూడా వాడే చేసి వచ్చేవాడు. కంప్యూటర్ చదువు చదివి, అది నచ్చక, మళ్ళీ మొదటి నుంచి నేర్చుకుని ఎలక్ట్రీషియన్ అయ్యాడు. ఏ పనైనా వాడి చేతిలో తిన్నగా జరిగేది. నాకు వాడంటే ప్రాణం. వాడి చేతులంటే అసూయ. రెండూ నిజమే. వాడి భార్య లావణ్య, పద్మజ అక్కాచెల్లెళ్ళకన్నా ఎక్కువగా ఉండేవాళ్ళు.

లైసెన్సుకి నేనూ వాడూ కలిసే వెళ్ళాం. క్లాసు, పరీక్ష, తర్వాత ఆఫీసరు ఇంటికి రావడం. పద్మజని వేరే కూర్చోబెట్టి, మీ ఆయనంటే నీకు భయమా అని అడిగాడట. ఈయనంటేనా అని పకపకా నవ్వానని నాకు చెప్పింది. క్లాసులో మొదటి పాఠం ఒకటే. ఏ తుపాకీనైనా తూటా ఉందనుకునే పట్టుకో. ఖాళీ అని ఎవరు చెప్పినా నమ్మకు. ఆ పాఠం ఇద్దరం విన్నాం. ఈ ఏడేళ్ళూ నేను పట్టుకుని వేలాడింది ఆ పాఠాన్నే. వాడూ చూసుకోవాల్సింది కదా, వాడికీ తెలుసు కదా, అని.

రైఫిల్ నాది, దాన్ని పెట్టి తాళం వేసే ఇనప సేఫ్ నాది. వాడికి లైసెన్సు ఉంది కానీ తుపాకీ లేదు. శని ఆదివారాలు వచ్చి నాతో తిరిగేవాడు. రెండేళ్ళు బాగానే గడిచింది. నిమ్మకాయలకు తొక్కలు మిగిలాయి.

ఇక దసరా. ఇక్కడ పండగ ఏ రోజు వచ్చినా మనం చేసుకునేది శనివారమే. ఆ ఏడు ఆయుధ పూజ మా గరాజ్‌లో పెట్టుకున్నాం. కారు, గడ్డి కోసే మోవర్, రంపం, వేణు పనిముట్ల పెట్టె, పిల్లల లాప్‌టాప్‌లు. అన్నింటికీ గంధం, బొట్టు, బంతిపూలు. మోవర్‌కి హారతి ఇస్తూ, నిజమైన ఆయుధాన్ని సేఫ్‌లో పెట్టి తాళం వెయ్యడమేమిటి అని నాకు అనిపించింది. పద్మజ వద్దంది. ఇంట్లో పిల్లలున్నారు, దాన్ని లోపలే ఉంచండి, సేఫ్ తలుపుకి బొట్టు పెడతాను అంది. ఎంత తెలివైన మాట! నేను వినలేదు. ఆయుధ పూజ అంటే ఆయుధానికే అన్నాను. పెద్ద పండితుణ్ణి కదా.

ముందు రోజు సాయంత్రం చీకటి పడేవేళ వేణూ నేనూ తోటలో తిరిగాం. వాడు రెండు కొట్టాడు. నేను ఏమీ కొట్టలేదు. తర్వాత రైఫిల్‌ని ఖాళీ చేసి, తుడిచి, సేఫ్‌లో పెట్టింది వాడే. అది నేను చూశాను. వేణూ, లావణ్యా, వాళ్ళ ఇద్దరు పిల్లలూ ఆ రాత్రి మా ఇంట్లోనే పడుకున్నారు.

పొద్దున తెల్లవారుతుండగా పూలు కోద్దామని నేను ఒక్కణ్ణే బయటికి వెళ్ళాను. నిమ్మచెట్టులో ఒక పోసమ్ కూర్చుని ఉంది. వెలుగొచ్చినా పోలేదు, బద్ధకంగా నములుతోంది. వేణు లేచేలోపు ఒకటి కొట్టి చూపించాలని నాకు ఎంత ఉబలాటమో మీకు చెప్పలేను. ఇంట్లోకి పరిగెత్తి, సేఫ్ తీసి, తూటాల పెట్టె, అంటే మ్యాగజైన్, పెట్టి, గొట్టంలోకి తూటా ఎక్కించి, సేఫ్టీ మీట తీసి గురి చూశాను. అది దిగి పొదల్లోకి పోయింది. అదే సమయానికి లోపలినుంచి పద్మజ తలంటుకి నీళ్ళు చల్లారిపోతున్నాయని కేకేసింది. మ్యాగజైన్ బయటికి లాగాను. రైఫిల్‌ని సేఫ్‌లో పెట్టాను. తాళం వేశాను. స్నానానికి వెళ్ళాను.

మ్యాగజైన్ తీస్తే తుపాకీ ఖాళీ అయినట్టు కాదు. అప్పటికే గొట్టంలోకి ఎక్కిన తూటా అక్కడే ఉంటుంది. పిడి వెనక్కి లాగితేనే బయటికొస్తుంది. బోల్ట్ యాక్షన్ అయితే పిడి లాగకుండా సేఫ్‌లో పెట్టాలని మనసుకే రాదు. నాది మ్యాగజైన్ లాగగానే పని అయిపోయినట్టు అనిపించే తుపాకీ. ఇదంతా నాకు తెలీదా? తెలుసు. పరీక్షలో రాసి పాసయ్యాను. కానీ తలంటు నీళ్ళు చల్లారిపోతున్నాయి. సిగ్గుగా ఉంది ఇలా రాస్తుంటే.

పూజ అయింది. రైఫిల్ పట్టుగుడ్డ మీద గోడవైపు తిరిగి ఉంది. దాన్ని బయటికి తెచ్చి పెట్టింది నేనే, అప్పుడూ చూడలేదు. గంధం నీళ్ళగా కలిపారేమో, ట్రిగ్గర్ దగ్గరికి కారింది. తడి తగిలితే తుప్పు పడుతుంది, కాస్త తుడువు రా అని వేణుకి చెప్పాను. వాడు వంగి దాన్ని తీసుకున్నాడు, భుజం మీది కండువాతో ట్రిగ్గర్ దగ్గర తుడవబోయాడు, అది పేలింది. చప్పుడు చిన్నదే. గరాజ్ మూసి ఉండటంవల్ల మా చెవులు గింగురుమన్నాయి. తూటా కాంక్రీటు నేలకి తగిలి పగిలింది. హారతి పళ్ళెం పద్మజ చేతిలోంచి పడింది. కింద ఎర్రగా కనబడితే కుంకుమ ఒలికిందనుకున్నాం. ఆమె నిలబడలేక మోవర్‌ని పట్టుకున్నప్పుడు తెలిసింది. మరో రెండడుగుల అవతల వేణు వాళ్ళ పాప ఉంది. ఆ రెండడుగుల గురించి నేను ఎక్కువ ఆలోచించను. ఆలోచిస్తే అన్నం దిగదు.

వేణు రైఫిల్ కింద పెట్టి, నిన్న నేను తీసిన గదరా, తీసిన గదా, అని అంటూనే ఉన్నాడు. నాకు ఆ క్షణంలోనే అర్థమైంది. పొద్దుటి పోసమ్, మ్యాగజైన్, తలంటు, మొత్తం కళ్ళముందు నిలబడింది. చెప్పొచ్చు. ఒక్క వాక్యం. నేను అన్న మాట వేరు.

"నిన్న సాయంత్రం సేఫ్‌లో పెట్టింది నువ్వే కదరా," అన్నాను.

చూశారా? అందులో అబద్ధం లేదు. ఒక్క అక్షరం కూడా అబద్ధం కాదు. ఆస్పత్రిలో డాక్టరు అడిగితే అదే చెప్పాను. పోలీసులొచ్చి అడిగితే అదే చెప్పాను. పద్మజ మంచం మీంచి అడిగితే అదే చెప్పాను. ఆ తర్వాత ఎవరైనా తెరిచారా అని పోలీసు అడిగాడు. పూజకి నేను తీశాను అన్నాను. అదీ నిజమే. పొద్దున తీసిన సంగతి మాత్రం నా గొంతులోనే ఉండిపోయింది. అబద్ధం చెప్పినవాడికి కనీసం అబద్ధం చెప్పానని తెలుస్తుంది. నేను నిజాలు పేర్చి అబద్ధం కట్టాను, దాని నీడలో కూర్చుని నేను అబద్ధమాడలేదని నాకు నేనే చెప్పుకున్నాను.

ఎందుకు చేశానని మీరడుగుతారు. అప్పుడు నాదీ పద్మజదీ పౌరసత్వం దరఖాస్తు నడుస్తోంది. మంచి నడవడి ఉన్నవాడని తేలాలి. వేణుకి అప్పటికే వచ్చేసింది. వాడికి పోయేది ఒక లైసెన్సు కార్డు, నాకు పోయేది ఈ దేశం, అని లెక్క వేసుకున్నాను. ఇది పైకి చెప్పుకోదగ్గ కారణం. లోపలిది ఇంకొకటి ఉంది. పద్మజ ముఖం. నావల్ల అని తెలిసిన పద్మజ ముఖాన్ని నేను చూడలేననిపించింది. ఇంకా లోపల, బాగా లోపల, మూడోది ఒకటుందేమో. ఎప్పుడూ తప్పు చెయ్యని ఆ చేతులు ఒక్కసారైనా తప్పు చేశాయంటే నాకు కొంచెం హాయిగా అనిపించిందా? ఏడేళ్ళుగా ఈ ప్రశ్న దగ్గరికొచ్చి వెనక్కి తిరుగుతున్నాను. ఇవాళ తిరగను. అవును, అనిపించింది.

వాడు ఎదురు చెప్పలేదు. నేనే మర్చిపోయినట్టున్న అని స్టేట్‌మెంట్ ఇచ్చాడు. లైసెన్సు పోయింది. నాకు వార్నింగ్ ఇచ్చి వదిలారు. రైఫిల్ అమ్మేశాను, నా కార్డు కూడా వాపసు ఇచ్చేశాను. అది చూసి, స్నేహితుడి తప్పుకి తనూ శిక్ష వేసుకున్నాడని మావాళ్ళు మెచ్చుకున్నారు. ఆ మెప్పు కూడా పుచ్చుకున్నాను.

పద్మజకి రెండు ఆపరేషన్లయ్యాయి. నడుస్తుంది, కానీ ఎక్కువసేపు నిలబడలేదు. ఆమెకి ఇష్టమైన నర్సు ఉద్యోగం పోయింది. ఇప్పుడు కుర్చీలో కూర్చుని ఫోన్లో అపాయింట్‌మెంట్లు రాస్తుంది. ఆస్పత్రికి లావణ్య క్యారియర్ పట్టుకుని వచ్చి నిలబడితే పద్మజ గోడవైపు తిరిగి పడుకుంది. మూడు రోజులు వచ్చింది లావణ్య. నాలుగో రోజు రాలేదు. ఆ తర్వాత మా రెండు ఇళ్ళ మధ్య రాకపోకలు లేవు. మా పౌరసత్వం ప్రమాణానికి పద్మజ వాళ్ళని పిలవనివ్వలేదు. వేణు నా ఫోన్‌కి కంగ్రాట్స్ రా అని మెసేజ్ పంపాడు. నేను బొటనవేలు ఎత్తిన బొమ్మ ఒకటి పంపాను.

వాడు ఎలక్ట్రీషియన్ పని మానేశాడు. ఎవరింట్లోనో పని ముగించుకుని వచ్చాక, మెయిన్ స్విచ్ సరిగ్గా పెట్టానో లేదోనని మళ్ళీ గంట డ్రైవ్ చేసి వెళ్ళి చూసేవాడట. రోజూ అలాగే. ఇక లాభం లేదని ఒక స్టోర్‌లో కౌంటర్ పనికి చేరాడు. ఈ సంగతి నాకు వేరేవాళ్ళ ద్వారా తెలిసింది. విన్న రోజు అన్నం తిన్నాను, టీవీ చూశాను, నిద్ర కూడా పట్టింది. మనిషి దేనికైనా అలవాటు పడతాడని అప్పుడే తెలిసింది. ఆ తర్వాత వాళ్ళు ఉత్తరాన కెరికెరి వైపు చిన్న మాండరిన్ కమలాల తోట కొనుక్కుని వెళ్ళిపోయారు.

మూడు వారాల కిందట వాడు ఫోన్ చేశాడు. ఏడాదికి ఒకటి రెండుసార్లు చేస్తాడు, పద్మజ గురించి, చెల్లె కాలు ఎట్లున్నది అని అడగడానికి. ఈసారి అది అడిగాక ఇంకో మాట ఎత్తాడు.

"అరేయ్, నా గురించి అడిగితె చెప్పెతందుకు రెఫరీగ ఉంటవా?" అన్నాడు.

"దేనికి?"

"గన్ లైసెన్సుకు మళ్ళ పెట్టిన. పోసమ్‌లు తోటంత ఆగం జేస్తున్నయ్. బోన్లు సరిపోతలేవు."

"నన్నెందుకురా?" అన్నాను.

"నన్ను అందరికంటె ఎక్కువ ఎరిగినోనివి నువ్వే గదా. ఆ రోజు ముచ్చట ఎట్లైనా వాళ్ళ ఫైల్ల ఉంటది. నువ్వైతే ఉన్నదున్నట్టు చెప్తవు. నేనే బుల్లెట్ మర్చిపోయిన అని చెప్పు, నాకోసం దాచకు. ఇప్పుడు జాగ్రత్తగుంటడు అని నీకు మనసుల అనిపిస్తెనే ఆ మాట చెప్పు. లేకుంటె వద్దు."

"సరే."

"గన్ ఏది తీస్కోమంటవ్?"

"బోల్ట్ యాక్షన్ తీసుకో."

"నేను గూడ అదే అనుకున్న. నా అసుంటి మతిమరుపోనికి అదే కరెక్టు," అని నవ్వాడు.

ఆ నవ్వు విన్నాక నేను పనికి వెళ్ళలేదు. గరాజ్‌లోకి వెళ్ళి నిలబడ్డాను. నేను వాడి దగ్గర్నుంచి ఏం తీసుకున్నానో ఆ నవ్వుతో తెలిసింది. లైసెన్సు కాదు. ఉద్యోగం కూడా కాదు. తను చేసిన పని తను చేశానని అనుకునే ధైర్యం. ఇప్పుడు వాడు దాన్ని తిరిగి కూడదీసుకుంటున్నాడు, అందుకు సాయం నన్నే అడిగాడు. సోమవారం లైసెన్సు ఆఫీసరు ఫోన్ చేసి అడుగుతాడు, ఆ రోజు ఏం జరిగిందని. వాడు చెప్పమన్నట్టు చెబితే లైసెన్సు రాకపోవచ్చు, వచ్చినా వాడు మతిమరుపువాడుగానే పట్టుకుంటాడు ఆ తుపాకీని. వాడి తప్పు లేదంటే, మరి ఎవరిది అనే ప్రశ్న వస్తుంది. రావాలి.

ఆదివారం పొద్దున పద్మజకి చెబుతాను.

ఇంతవరకు రాసింది గురువారం. ఇప్పుడు ఆదివారం మధ్యాహ్నం.

చెప్పాను. టిఫిన్ అయ్యాక, ఆమె బల్ల దగ్గర కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతుంటే ఎదురుగా కూర్చుని చెప్పాను. పోసమ్ దగ్గర మొదలుపెట్టి వరసగా. ఒక్క కారణం కూడా కలపలేదు. పౌరసత్వం మాట ఎత్తలేదు. ఆమె తుంచుతూనే ఉంది. నేను ముగించాక ఆమె చేతులు ఆగాయి.

"అంబులెన్సులో నా చెయ్యి పట్టుకుని కూర్చున్నారు. అప్పుడు తెలుసా?" అంది.

"తెలుసు."

"లావణ్య వచ్చి నిలబడింది. నేను మొహం తిప్పుకున్నాను. మీరు కుర్చీలో ఉన్నారు. అప్పుడూ తెలుసా?"

"తెలుసు."

అరుస్తుందనుకున్నాను. అరవలేదు. నన్ను చూసింది. ఏడేళ్ళు నేను తప్పించుకు తిరిగిన ముఖం అదే. చూశాను. చూడగలిగాను.

"ఆ అబ్బాయికి ఫోన్ చెయ్యండి. ఇప్పుడే. నేను వింటుండగా చెయ్యండి," అంది.

స్పీకర్ పెట్టి బల్ల మీద పెట్టాను. వేణు ఎత్తాడు. చెట్ల మధ్య ఉన్నాడేమో గాలి చప్పుడు వినిపిస్తోంది. "వేణూ, ఆ బుల్లెట్ నాదిరా. పూజ రోజు పొద్దున నేను లోడ్ చేశాను. తియ్యకుండా పెట్టేశాను. నువ్వు మర్చిపోలేదు," అన్నాను. ఇంకేమైనా చెప్పాలని ఉంది. చెప్పడానికి ఏముంది?

"నేను గొట్టంల వేలు పెట్టి చూసిన రా," అన్నాడు మెల్లగా. "ఆ సాయంత్రం. ఖాళీగున్నది. ఎన్నిసార్లు యాదికి తెచ్చుకున్నా ఖాళీగనే కనపడేది. మరి బుల్లెట్ ఏడికెళ్ళి వచ్చింది? నా యాదే తప్పనుకున్న. లావణ్యకు గూడ అట్లనే చెప్పిన. పిచ్చి లేస్తదేమో అనిపించేది రా నాకు."

"వేణూ..."

"చెల్లెకు తెల్సా?"

"ఇక్కడే ఉంది. ఇవాళే చెప్పాను."

ఫోన్ పెట్టేశాడు. తిట్టలేదు. తిడితే బాగుండేది. క్షమించాననలేదు, అనాల్సిన అవసరం వాడికి లేదు. నేనూ అడగలేదు, అడగను. అది అడిగే హక్కు కూడా ఆ పొద్దునే పోయింది.

పద్మజ నా ఫోన్ తీసుకుంది. లావణ్య నంబర్ తన ఫోన్లో ఎప్పుడో తీసేసింది. నెమ్మదిగా అడుగులేసుకుంటూ వెనక వరండాలోకి వెళ్ళి, అద్దం తలుపు లాగేసింది. "లావణ్యా, నేనే, పద్మజని" అన్నంతవరకే వినిపించింది. ఆ తర్వాత ఆమె భుజాలు కదలడం మాత్రం కనిపించింది. గంట దాటింది. మధ్యలో ఒకసారి కుర్చీ లాక్కుని కూర్చుంది. ఇంకా మాట్లాడుతోంది. వేణు వాళ్ళు ఎప్పుడైనా వస్తే నాతో ఏమంటారో, ఈ ఇంట్లో నేను ఎక్కడ ఉంటానో నాకు తెలీదు. పద్మజ నన్ను ఇక నమ్ముతుందని నేననుకోను.

చిక్కుడుకాయలు నేనే తుంచి గిన్నెలో వేశాను. తర్వాత ఈ కాగితాలు ముందేసుకున్నాను. హాయిగా ఉందని చెబితే మీకు కోపం వస్తుందేమో. కానీ ఉంది. దాచాల్సింది ఏమీ లేని మనిషిగా కుర్చీలో కూర్చోవడం ఎలా ఉంటుందో నేను మర్చిపోయాను. రేపు ఆ ఆఫీసరుకి వేణు సంగతి చెబుతాను, నా సంగతీ చెబుతాను. కేసు పెడితే పెట్టనీ. ఆనాటి పౌరసత్వం దరఖాస్తు తిరగదోడితే తోడనీ. పది గంటలకు ఫోన్ మోగుతుంది. మొదటి రింగుకే ఎత్తుతాను.